సర్వహక్కులూ రాసిచ్చాక పాట రచయితకు రాయల్టీ వస్తుందా?

చిన్న సినిమాకు పాటలు రాసి, గుండుగుత్తగా డబ్బు తీసుకుని, సర్వహక్కులూ నిర్మాతవేనన్న అగ్రిమెంటు మీద సంతకం చేశానని, ఇప్పుడు ఆ పాట ఎఫ్.ఎం.లోనూ పెళ్లిళ్లలోనూ మోగుతుంటే తనకేమీ రాదా అని ఒక మిత్రుడు అడిగారు.

వస్తుంది. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, సినిమా పాటకు సాహిత్యం రాసినవారు, బాణీ కట్టినవారు తమ హక్కులను బదిలీ చేసినప్పటికీ, థియేటరులో సినిమాతో పాటు వినిపించడం మినహా తక్కిన వాడకాలపై వచ్చే రాయల్టీలో, హక్కులు తీసుకున్నవారితో సమానంగా వారికి వాటా ఉంటుంది. ఆ వాటాను వారసులకు గానీ, రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీకి గానీ తప్ప ఇంకెవరికి రాసిచ్చినా ఆ ఒప్పందం చెల్లదు. పెళ్లి ఊరేగింపులకు, వివాహ సంబంధమైన వేడుకలకు మాత్రం చట్టమే మినహాయింపు ఇచ్చింది కనుక బ్యాండు మేళం మీద ఆశ పెట్టుకోకండి.

నేనూ పాటలు రాసేవాణ్ణే. చరణంలో ఒక మాట మార్చమని సంగీత దర్శకుడు తొందరపెడుతుండగానే ప్రొడక్షన్ మేనేజరు స్టాంపు పేపరు తెచ్చి, "మామూలు ఫార్మాలిటీయేనండీ" అంటూ పెన్ను అందించడం మా రంగంలో పరిపాటి. నా అగ్రిమెంటులో "రాయల్టీతో సహా" అని కూడా రాసి ఉంది. అయినా వాటా పోలేదు.

అయితే చట్టంలో ఉన్నంత మాత్రాన డబ్బు ఇంటికి నడిచి రాదు. 2017లో కాపీరైట్ సొసైటీగా మళ్లీ నమోదైన ఐ.పి.ఆర్.ఎస్. (ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ)లో సభ్యులై, ప్రతి పాటనూ విడిగా నమోదు చేయించాలి. జానపద ధోరణిలో సాకీ (పల్లవికి ముందు వచ్చే పంక్తులు) ఉన్నందుకు కాబోలు, నా పాట ఒకదాన్ని ఒక మ్యూజిక్ కంపెనీ "సంప్రదాయ గేయం"గా, అంటే రచయిత ఎవరో తెలియని పాటగా చూపించింది. అది నాదేనని నిరూపించడానికి, సంగీత దర్శకుడికి వాట్సాప్‌లో పంపిన చిత్తుప్రతులు, నా పేరున్న ఆడియో పోస్టరు, పేమెంటు పడిన బ్యాంకు స్టేట్‌మెంటు జతపరిచాను. వాటన్నింటికన్నా బలంగా పనికొచ్చింది ఆ అగ్రిమెంటే: హక్కులన్నీ తీసుకోవడానికి రాసిన ఆ కాగితంలో నన్ను "గీత రచయిత" అని పేర్కొనక తప్పలేదు మరి.

కాబట్టి మీ దగ్గర అగ్రిమెంటు ప్రతి లేకపోతే ముందు నిర్మాత నుంచి నకలు తీసుకోండి. అందులో కాలపరిమితి రాయకపోతే బదిలీ అయిదేళ్లకే పరిమితం. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే వర్తిస్తుంది. ఆ రెండు గడులూ ఖాళీగా ఉన్నట్లయితే, రాయల్టీ సంగతి అటుంచి, హక్కుల గురించే మళ్లీ మాట్లాడే అవకాశం మీకు ఉంటుంది.