వాడి బరువెంత?

చిక్కడపల్లి,
హైదరాబాద్.

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది, చిన్నవాడు పెద్దవాణ్ని గెలవగలడా అన్న నీ ప్రశ్నా అందింది. మొదట మామూలు చదువరిగా ఒకసారి, తర్వాత పెన్సిల్ చేతపట్టుకుని మరొకసారి చదివాను. భోలక్‌పూర్‌లో తోళ్ల వాసన మధ్య పెరిగిన నీ బాక్సర్ కుర్రవాడు నాకు నచ్చాడు. తల్లి అతని చేతులకు పట్టీలు చుడుతూ, బొటనవేలి దగ్గరకు వచ్చేసరికి పట్టీని రెండుసార్లు వెనక్కి తిప్పుతుందని రాశావు. అది చూసినవాడు మాత్రమే రాయగలిగిన మాట. చివరి రెండు పేజీలు మాత్రం అలా లేవు. 60 కిలోలు తూగే ఆ కుర్రవాడు, అన్నిటికన్నా బరువైన విభాగమైన హెవీవెయిట్‌లో ప్రపంచ చాంపియన్‌ను పదో రౌండులో ఒకే ఒక్క గుద్దుతో పడగొట్టేస్తాడు. అక్కడ నువ్వు చూసి రాయలేదు, కోరుకుని రాశావు.

కథ నెత్తిన చలిచీమల పద్యం పెట్టావు. ఆ పద్యంలో పామును చంపింది ఒక చీమ కాదు. ‘పలువురు’ అన్న మాటను పద్యకర్త ఊరికే వేయలేదు. నీ రింగులో చీమ ఒక్కటే ఉంది. తోడు రావడానికి మరో చీమకు అనుమతి లేదు.

ఈ తప్పు నేనూ చేశాను. నలభై ఏళ్ల క్రితం పాతబస్తీ తాలీంలో కుస్తీ పట్టే ఒక బక్క పహిల్వాన్ గురించి కథ రాసి, అతని చేత తనకు రెండింతలున్న మనిషిని భుజం మీదికి ఎత్తించి నేలకు కొట్టించాను. ఆ కథను వెనక్కి పంపిన సంపాదకుడు అంచున పెన్సిల్‌తో ఒకే ప్రశ్న రాశాడు: ‘వీడి బరువెంత?’ నెల రోజులు ఆయన మీద కోపంగా ఉన్నాను. ఆ తర్వాత ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదని ఒప్పుకున్నాను. నా పాత్ర ఏం తింటాడో, ఎవరిని ప్రేమించాడో నాకు తెలుసు గానీ, వాడు ఎన్ని కిలోలు తూగుతాడో నేను ఎన్నడూ ఆలోచించలేదు.

బాక్సింగ్‌లో కథంతా తూకంతోనే మొదలవుతుంది. మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయినప్పుడు ఆమెది 52 కిలోల విభాగం. మరుసటి ఏడు ఢిల్లీలో మళ్లీ గెలిచినప్పుడు 50 కిలోల విభాగం. మనం పండక్కి పులిహోర రెండు ముద్దలు ఎక్కువ తిని పట్టించుకోని ఆ రెండు కిలోల తేడాకు ఈ ఆటలో వేరే విభాగం ఉంది, వేరే ప్రత్యర్థులున్నారు. మధ్యలో అంత సన్నగా గీతలు గీసిన ఆట, వృత్తి బాక్సింగ్‌లో చాలావరకు 90.7 కిలోలు దాటిన హెవీవెయిట్లకు మాత్రం పై గీతే లేకుండా వదిలేసింది. 100 కిలోలవాడూ 140 కిలోలవాడూ అక్కడ ఒకే గొడుగు కింద నిలబడతారు. కాబట్టి ‘చిన్నవాడు పెద్దవాణ్ని గెలవగలడా’ అనే ప్రశ్నను నువ్వు ముక్కలు చేసి అడగాలి: ఎంత చిన్నవాడు, ఎలాంటి పెద్దవాడి మీద, ఎన్ని రౌండ్లలో?

బరువు గుద్దులోనే ఉంటుందని నువ్వు అనుకున్నట్టున్నావు. ఒక ఆదివారం ఈ నగరంలోనే ఒక శిక్షణ కేంద్రంలో చూసింది చెబుతాను. 63 కిలోల కుర్రవాడికీ, 94 కిలోల పోలీసు ఉద్యోగికీ కోచ్ స్పారింగ్, అంటే సాధన పోటీ పెట్టాడు. సగం బలంతోనే కొట్టాలని పెద్దాయనను ముందే హెచ్చరించాడు. మొదటి రెండు రౌండ్లలో కుర్రవాడు లోపలికి దూరడం, రెండు తగిలించడం, పక్కకు జారుకోవడం చూసి గోడ వారనున్న పిల్లలు ఈలలు వేశారు. పెద్దాయన దాదాపు కొట్టనే లేదు. కుర్రవాడు దగ్గరకు వచ్చిన ప్రతిసారీ వాడి మెడ వెనక ముంజేతిని ఆనించి, నిద్రకు తూగుతున్నవాడిలా ఒళ్లంతా వాడి మీదికి వాల్చాడు. అంతే. మూడో రౌండు సగానికి కుర్రవాడి పిక్కలు వణకడం మొదలైంది, అడుగులు చకచకా పడటం మానేసి ఈడ్చుకుపోసాగాయి. గంట మోగాక వాడు తాడు పట్టుకుని కూర్చుని నీళ్ల సీసా అందుకున్నాడు గానీ, దాన్ని నోటిదాకా ఎత్తలేకపోయాడు. ఇంకో పిల్లవాడు పట్టి తాగించాడు. ఆ సీసా నీ కథలో ఎక్కడా లేదు.

ఇప్పుడు పెద్దవాడి సంగతి. భారీగా ఉండటం వేరు, గొప్పవాడై ఉండటం వేరు. చిన్నవాళ్లు గెలిచిన పోటీలను దగ్గరగా చూస్తే ఎక్కువసార్లు ఓడినవాడు భారీ మనిషే గాని గొప్పవాడు కాడు, లేదా గొప్పతనం వెనకబడిపోయిన మనిషి. 1919 జులై 4న టొలీడోలో జాక్ డెంప్సీ తనకన్నా పాతిక కిలోలు ఎక్కువున్న జెస్ విలర్డ్‌ను మొదటి రౌండులోనే ఏడుసార్లు నేలకూల్చాడు. అయితే విలర్డ్‌కు అప్పటికి 37 ఏళ్లు, మూడేళ్లుగా టైటిల్‌ను పణంగా పెట్టి రింగులోకి దిగినవాడు కాడు. మైకేల్ స్పింక్స్ 1985లో ల్యారీ హోమ్స్‌ను పాయింట్ల మీద ఓడించి, అంతకన్నా తేలిక విభాగమైన లైట్ హెవీవెయిట్ నుంచి వచ్చి హెవీవెయిట్ టైటిల్ గెలిచిన మొదటి చాంపియన్ అయ్యాడు. హోమ్స్ అప్పటికి 35 ఏళ్లవాడు. అదే స్పింక్స్ 1988లో పడుచు మైక్ టైసన్ ముందు నిలబడ్డది 91 సెకన్లు. రాయ్ జోన్స్ 2003లో జాన్ రూయిజ్ మీద గెలవడం అందమైన పనే, కానీ రూయిజ్‌ను గొప్ప హెవీవెయిట్ల వరసలో ఎవరూ కూర్చోబెట్టరు.

ఒకే చిన్నవాణ్ని ఇద్దరు పెద్దవాళ్ల ముందు నిలబెట్టి చూడాలంటే బాబ్ ఫిట్జ్‌సిమన్స్ ఉన్నాడు. సుమారు 76 కిలోల మనిషి, 1897లో జిమ్ కార్బెట్ చేతిలో పద్నాలుగో రౌండుదాకా దెబ్బలు తిని, ఆరో రౌండులో కిందపడి కూడా, పొట్ట పైభాగంలో పక్కటెముకలు విడిపోయే చోట ఒక ఎడమచేతి దెబ్బ వేశాడు. కార్బెట్‌కు తెలివి తప్పలేదు, ఊపిరి మాత్రం అందలేదు. కళ్లు తెరిచే ఉండి, రిఫరీ పది అంకెలు లెక్కపెట్టడం ముగిసేదాకా లేవలేకపోయాడు. నీ కుర్రవాడికి ఒక్క దెబ్బే కావాలనుకుంటే, అది గడ్డం మీద కాకుండా అక్కడ పడితే నేను కొంత నమ్ముతాను. అయితే కార్బెట్ అతనికన్నా ఏడు కిలోలే ఎక్కువ. రెండేళ్ల తర్వాత 93 కిలోల జిమ్ జెఫ్రీస్ వచ్చాడు. ఫిట్జ్‌సిమన్స్ పదకొండో రౌండులో కూలిపోయాడు. 1902లో మళ్లీ తలపడి జెఫ్రీస్ ముఖమంతా రక్తసిక్తం చేశాడు, ఎనిమిదో రౌండులో మళ్లీ కూలాడు.

ఇదంతా నీ ఉత్సాహం మీద నీళ్లు చల్లడానికి కాదు. నీకు కావలసిన కథ 1941 జూన్ 18న న్యూయార్క్‌లో జరిగింది. బిల్లీ కాన్‌కు 23 ఏళ్లు. ప్రకటించిన బరువు 79 కిలోలు. నిజానికి అంతకన్నా తక్కువేననీ, తేడా మరీ ఎక్కువ కనిపిస్తే బాగుండదని పెంచి చెప్పారనీ అంటారు. ఎదురుగా 90 కిలోల జో లూయిస్, తన సత్తా మధ్యాహ్న సూర్యుడిలా ఉన్న రోజుల్లో. పన్నెండు రౌండ్లు ముగిసేసరికి ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఇద్దరి కాగితాల మీద కాన్ ముందున్నాడు, మూడో కాగితం మీద సమానం. పన్నెండో రౌండులో లూయిస్‌ను తూలేట్టు కూడా కొట్టాడు. ఆ రోజుల్లో పోటీ పదిహేను రౌండ్లు. దూరంగా ఉండి మూడు రౌండ్లు గడపమని రింగు మూలనున్న తన శిక్షకులు చెబుతున్నా వినక, పడగొట్టి గెలవాలని పదమూడో రౌండులో లోపలికి వెళ్లాడు. రౌండు ముగియడానికి రెండు సెకన్లు ఉండగా, కిందపడ్డ అతని మీద పది అంకెల లెక్క పూర్తయింది. ఇవాళ్టి పన్నెండు రౌండ్ల నియమం అప్పుడే ఉండి ఉంటే చిన్నవాడు గొప్పవాణ్ని గెలిచాడని చరిత్ర రాసేది. నువ్వు అడిగిన ప్రశ్నకు నా దగ్గరున్న అతి నిజాయితీ గల జవాబు ఆ మూడు రౌండ్ల తేడాలోనే ఉంది.

ఉసిక్ సంగతేమిటని నువ్వు వెంటనే అడుగుతావని తెలుసు. 2024లో ఉక్రెయిన్ బాక్సర్ ఒలెక్సాండర్ ఉసిక్ రెండుసార్లు టైసన్ ఫ్యూరీని పాయింట్ల మీద గెలిచాడు. డిసెంబరులో ఇద్దరి మధ్య తేడా సుమారు 25 కిలోలు. నేను తలవంచి ఒప్పుకుంటాను. కానీ ఆ ‘చిన్నవాడు’ 191 సెంటీమీటర్ల పొడుగున్న, 102 కిలోలు తూగిన మనిషి. నీ భోలక్‌పూర్ గుమ్మంలోంచి తల వంచకుండా లోపలికి రాలేడు. పైగా అతను ఒక్క గుద్దుతో గెలవలేదు. ఇరవై నాలుగు రౌండ్లు కాళ్లు ఆపకుండా గెలిచాడు. 60 కిలోలవాడు అదే పని చేయగలడా అంటే, చేయలేడు; ఈ మాట తడుముకోకుండా రాస్తున్నాను.

కాబట్టి తమ్ముడూ, నీ కుర్రవాణ్ని 78 కిలోలవాణ్ని చెయ్యి, లేదా ఎదుటివాణ్ని ప్రపంచ చాంపియన్ గద్దె నుంచి దించి, వయసు మీరిన ఊరి మొనగాణ్ని చెయ్యి. రెండూ ఇష్టం లేకపోతే ఓడనివ్వు, కానీ ఆలస్యంగా ఓడనివ్వు. ఎన్నో రౌండులో వాడి కాళ్లు బరువెక్కాయో, ఆ సంగతి వాడికన్నా ముందు తల్లి ఎలా గమనించిందో రాయి. పట్టీలు చుట్టిన చేతులు ఆవిడవి. వాటిని విప్పేటప్పుడు వేళ్లు ఎంత ఉబ్బి ఉంటాయో ఆవిడకే తెలుస్తుంది.

వచ్చే ఆదివారం పొద్దున ఆరు గంటలకు మా ఇంటికి రా, ఆ శిక్షణ కేంద్రానికి కలిసి వెళదాం. అక్కడ మూలన ఒక తూకం యంత్రం ఉంది. పిల్లలు చెప్పులు విడిచి, జేబులో చిల్లర కూడా తీసి దాని మీద ఎక్కుతారు. ముందు నువ్వు ఎక్కి చూసుకో. తర్వాత కోచ్‌ను అడిగి, ఆ పోలీసాయన ముంజేతిని ఒక్క నిమిషం నీ మెడ మీద ఆనించమందాం. కథ వెంట తెచ్చుకో, చివరి రెండు పేజీలు మాత్రం ఇంట్లో వదిలిరా.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి