యాప్ మారినా డేటా మిగలాలి
మొబైల్ డేటాబేస్‌లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఆండ్రాయిడ్‌లో రూమ్ (ఫోన్‌లోని డేటాబేస్‌ను కోడ్ నుంచి వాడుకునే లైబ్రరీ) వాడి జమాఖర్చుల యాప్ ఒకటి రాశాను. రెండో వెర్షన్‌లో ‘గమనిక’ అనే కాలమ్ కలిపాను. నా ఫోన్‌లో చక్కగా నడుస్తోంది. పాత వెర్షన్ వాడుతున్నవాళ్లు అప్‌డేట్ చేసుకోగానే మాత్రం క్రాష్ అవుతోంది. ‘ఫాల్‌బ్యాక్ టు డిస్ట్రక్టివ్ మైగ్రేషన్’ అనే లైను పెడితే ఆగింది. అలాగే ఉంచేయవచ్చా?

జవాబు: ఉంచకండి. ఆ లైను పాత పట్టికలను కొట్టేసి వాటి చోట ఖాళీవి కడుతుంది. క్రాష్ ఆగింది కానీ, దానితోపాటు వాడేవారి లెక్కలూ పోయాయి. ఈ రెంటిలో క్రాషే నయం. దాన్ని రేపు సరిచేయవచ్చు, పోయిన లెక్కలు తిరిగి రావు.

మీ ఫోన్‌లో నడవడానికి కారణం బహుశా మీరు యాప్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసి ఉండటమే. అప్పుడు డేటాబేస్ కొత్త ఆకారంలోనే పుడుతుంది. మిగతావారి ఫోన్లలో ఉన్నది వెర్షన్ 1 ఫైలు. దాన్ని 2గా ఎలా మార్చాలో రూమ్‌కు ఎవరూ చెప్పలేదు, అందుకే ఆగిపోతోంది.

వెర్షన్ అంకెను 2 చేసి, 1 నుంచి 2కు ఒక మైగ్రేషన్ (పాత డేటాబేస్‌ను కొత్త ఆకారానికి మార్చే కోడ్) రాయండి. అందులో ఉండాల్సింది ఒక్క వాక్యమే: ఆల్టర్ టేబుల్, పట్టిక పేరు, యాడ్ కాలమ్, గమనిక, టెక్స్ట్, నాట్ నల్ (విలువ లేకుండా ఉండకూడదు), డిఫాల్ట్ ఖాళీ స్ట్రింగ్. చాలామంది తడబడేది ఇక్కడే. కోట్లిన్ భాషలో రాసిన క్లాసులో ఆ ఫీల్డు పక్కన ప్రశ్నార్థకం (విలువ లేకపోయినా పరవాలేదనే గుర్తు) లేకపోతే రూమ్ ‘నాట్ నల్’ కాలమ్ కోసం చూస్తుంది. మైగ్రేషన్‌లో ఆ మాట మరిచిపోతే ఆకారాలు కలవలేదని మళ్లీ క్రాష్. నాట్ నల్ రాసి డిఫాల్ట్ ఇవ్వకపోతే రూమ్ వెనక ఉన్న అసలు డేటాబేస్ ఎస్‌క్యూలైటే ఒప్పుకోదు, ఎందుకంటే ఇప్పటికే ఉన్న వరుసల్లో ఏం నింపాలో దానికి తెలియదు.

కాలమ్ తీసేయడం, దాని రకం మార్చడం ఇంత తేలిక కాదు. ‘డ్రాప్ కాలమ్’ ఎస్‌క్యూలైట్‌లోకి వచ్చింది 2021లో, 3.35 వెర్షన్‌తో. ఆండ్రాయిడ్‌తోపాటు ఫోన్‌లో వచ్చిన ఎస్‌క్యూలైట్‌నే వాడుకుంటుంటే, పాత ఫోన్లకు ఆ ఆదేశమే తెలియదు. అన్ని ఫోన్లలో పనిచేసే దారి: కొత్త ఆకారంలో ఇంకో పట్టిక కట్టి, ‘ఇన్‌సర్ట్ సెలెక్ట్’తో వరుసలు అందులోకి మార్చి, పాతది డ్రాప్ చేసి, కొత్తదానికి పాత పేరు పెట్టడం. పాత పట్టికతో దాని ఇండెక్సులూ (వెతుకులాటను వేగం చేసే సూచికలు) పోతాయి, వాటిని మళ్లీ కట్టాలి.

పరీక్షకు పాత యాప్ వేసి, పది పద్దులు రాసి, దాన్ని తీసేయకుండా పైనే కొత్తది ఇన్‌స్టాల్ చేయండి. ‘ఇంకా వెర్షన్ 1 ఎవరు వాడతారులే’ అని పాత మైగ్రేషన్లు చెరిపేయకండి. ఏడాది తర్వాత 1 నుంచి నేరుగా 4కు దూకేవారు ఉంటారు. రూమ్ వారిని మెట్టు మెట్టుగానే ఎక్కిస్తుంది, మెట్లు ఉండాలి మరి.

ప్రశ్న: సర్వర్ నుంచి వచ్చే 8,000 వరుసలను పట్టికలో వేయడానికి నిమిషాలు పడుతోంది. ఫోన్ చిన్నదని సరిపెట్టుకోవాలా?

జవాబు: తప్పు ఫోన్‌ది కాదు, లూప్‌ది. ట్రాన్సాక్షన్ (అంతా జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే పనుల కట్ట) విడిగా మొదలుపెట్టకపోతే ఎస్‌క్యూలైట్ ప్రతి ఇన్‌సర్ట్‌నూ ఒక పూర్తి ట్రాన్సాక్షన్‌గా లెక్కిస్తుంది. అంటే ఒకటికి 8,000 సార్లు కమిట్ (రాసింది ఖాయం చేయడం). ఖర్చంతా అక్కడే. లూప్ మొత్తాన్ని ఒకే ట్రాన్సాక్షన్‌లో పెడితే ఆ నిమిషాలు సాధారణంగా సెకన్లలోకి దిగుతాయి. రూమ్‌లో ఇన్‌సర్ట్ ఫంక్షన్‌కు ఒక్కో వస్తువు కాకుండా లిస్టు మొత్తం ఇస్తే ఆ పని అదే చేసుకుంటుంది. నెట్‌వర్క్ కాల్‌ను మాత్రం ట్రాన్సాక్షన్ లోపల పెట్టకండి. సర్వర్ జవాబిచ్చేదాకా మిగతా రాతలన్నీ గుమ్మంలో నిలబడతాయి.

మీరు పంపిన కోడ్‌లో ‘ఆన్ కాన్‌ఫ్లిక్ట్ రీప్లేస్’ కూడా ఉంది. అదే ఐడీతో వరుస ముందే ఉంటే అది దాన్ని సవరించదు, తీసేసి కొత్తది వేస్తుంది. ఆ వరుసకు ‘ఆన్ డిలీట్ కాస్కేడ్’ (తల్లి వరుస పోతే దానికి ముడిపడినవీ పోవాలనే నిబంధన)తో పిల్ల వరుసలుంటే అవీ పోతాయి. ఆర్డర్లు ఉండి, వాటి కింది వస్తువులు మాయమయ్యాయన్న ఫిర్యాదుల మూలం తరచూ ఇదే. రూమ్ 2.5 నుంచి ‘అప్‌సర్ట్’ (ఉంటే సవరించు, లేకపోతే కొత్తది వేయి) ఉంది, దాన్ని వాడండి.

ప్రశ్న: యాప్‌లో తెలుగు పదాలు వెతికితే కొన్ని దొరుకుతాయి, కొన్ని దొరకవు. తెరపై రెండూ ఒకేలా ఉన్నాయి!

జవాబు: కంటికి ఒకేలా ఉన్నా బైట్లలో వేరు. ‘సాఫ్ట్‌వేర్’ తీసుకోండి. ‘ట్’కూ ‘వే’కూ మధ్య కనబడని అక్షరం ఒకటుంది, యూనికోడ్ సంఖ్య 200సి. ట కింద వ ఒత్తు పడకుండా అడ్డుకునేది అదే. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే పెడతాయి, కొన్ని పెట్టవు. పెట్టి దాచిన పదాన్ని, పెట్టకుండా టైపు చేసి వెతికితే ఎస్‌క్యూలైట్‌లో మాటలు వెతికే ‘లైక్’కు అవి రెండు వేర్వేరు మాటలు. ఐత్వానిదీ ఇలాంటి చిక్కే: 0సి48 అని ఒకే గుర్తుగా రావచ్చు, 0సి46, 0సి56 అని రెండు ముక్కలుగానూ రావచ్చు.

అసలు పాఠాన్ని ముట్టుకోకండి. పక్కన వెతకడానికే ఇంకో కాలమ్ పెట్టండి. పాఠాన్ని ఎన్‌ఎఫ్‌సీ (విడి ముక్కలను ఒకే గుర్తుగా కలిపే యూనికోడ్ పద్ధతి) రూపంలోకి మార్చి, 200సి, 200డి (అలాంటిదే కనబడని ఇంకొకటి) అక్షరాలను తీసేసి అందులో దాచండి. వెతికే మాటనూ అదే ఫంక్షన్ గుండా పంపాలి. సగం మంది మరిచేది ఈ రెండో భాగమే.

వరుసలు కొన్ని వేలైతే ‘లైక్’ చాలు. మాటకు ముందు శాతం గుర్తు (ఇక్కడ ఏదైనా ఉండవచ్చని అర్థం) ఉంటే ఇండెక్సు అక్కరకు రాదు, పట్టికంతా చదవాల్సిందే. లక్షల్లోకి పోతే ఎఫ్‌టీఎస్4 (పాఠంలో మాటలు వెతకడానికే ఉన్న రకం) పట్టిక కట్టండి, టోకెనైజర్ (పాఠాన్ని మాటలుగా విడగొట్టేది) ‘సింపుల్’ ఉంచండి. 128, ఆపై యూనికోడ్ సంఖ్యల అక్షరాలన్నిటినీ (తెలుగువన్నీ ఇందులోకే వస్తాయి) అది మాటలో భాగంగానే చూస్తుంది కాబట్టి గుణింతాల దగ్గర పదం విరగదు. మాట మొదలుతో వెతకవచ్చు, నడిమి ముక్కతో కుదరదు.

ప్రశ్న: ఫోన్ నుంచి నేరుగా సర్వర్‌లోని మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కు కనెక్ట్ అయితే మధ్యలో సర్వర్ కోడ్ రాసే పని తప్పుతుంది కదా?

జవాబు: తప్పుతుంది, యాప్‌లో దాచిన డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా అందరి చేతిలో పడుతుంది. ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్ ఫైలు) అంటే ఒక జిప్ ఫైలు, విప్పి చూడటం ఎవరికైనా పనే కాదు. మధ్యలో ఏపీఐ, అంటే ఆ సర్వర్ కోడ్, ఉండి తీరాలి.

ప్రశ్న: నెట్ లేనప్పుడు రాసిన పద్దులు, నెట్ రాగానే సర్వర్‌కు వెళ్తాయి. అప్పుడప్పుడు ఒకే పద్దు రెండుసార్లు పడుతోంది.

జవాబు: పద్దు చేరింది, ‘చేరింది’ అన్న జవాబు దారిలో పోయింది. ఫోన్ చేరలేదనుకుని మళ్లీ పంపింది. నెట్‌వర్క్ ఉన్నంతకాలం ఇది జరుగుతుంది, ఆపలేం. రెండోసారి వచ్చినా నష్టం లేకుండా చూసుకోవాలి.

పద్దు పుట్టినప్పుడే ఫోన్‌లో దానికొక యూయూఐడీ (ఇంకెవరికీ రాని గుర్తింపు సంఖ్య) ఇవ్వండి. సర్వర్ పట్టికలో ఆ కాలమ్‌కు యూనిక్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదనే) నిబంధన పెట్టండి. అదే ఐడీ మళ్లీ వస్తే సర్వర్ తప్పు చూపకుండా ‘అందింది’ అనే చెప్పాలి. ఆటో ఇంక్రిమెంట్ అంకెలు ఇక్కడ పనికిరావు. రెండు ఫోన్లూ తమ తొలి పద్దుకు 1 అనే ఇస్తాయి.

పంపాల్సినవాటికి వేరే పట్టిక పెట్టి, పద్దునూ ఆ పట్టికలోని వరుసనూ ఒకే ట్రాన్సాక్షన్‌లో రాయండి. మధ్యలో బ్యాటరీ అయిపోయినా రెండూ ఉంటాయి, లేదా రెండూ ఉండవు. తొలగించిన పద్దును వెంటనే చెరిపేయకుండా ‘తొలగించబడింది’ అని గుర్తు పెట్టి అదీ పంపండి. లేకపోతే ఇంకో ఫోన్ దాన్ని తిరిగి బతికిస్తుంది.

ఇద్దరు ఒకే పద్దు మారిస్తే ఏది చివరిదో ఫోన్ గడియారాన్ని చూసి తేల్చకండి, దాన్ని వాడేవారు ఎలాగైనా తిప్పుకోవచ్చు. సర్వర్ ప్రతి వరుసకూ వెర్షన్ అంకె ఇవ్వాలి, ఫోన్ తాను చూసిన అంకెను వెంట పంపాలి. ఈలోగా అంకె మారి ఉంటే సర్వర్ తిప్పికొట్టాలి. అప్పుడు ఏది ఉంచాలో వాడేవారినే అడగండి.

ప్రశ్న: బ్యాకప్ కోసం డీబీ ఫైలు కాపీ చేశాను. తెరిస్తే చివర రాసినవి లేవు.

జవాబు: పక్కనే అదే పేరుకు చివర ‘-వాల్’ తగిలించిన ఫైలు ఉంటుంది, చూడండి. వాల్ పద్ధతిలో కొత్త రాతలు ముందు అందులో పడతాయి, చెక్‌పాయింట్ అయ్యాకే అసలు ఫైలులోకి చేరతాయి. కాపీకి ముందు, ఆ రాతలను అసలు ఫైలులోకి చేర్చే ‘ప్రాగ్మా వాల్_చెక్‌పాయింట్’ను ‘ట్రంకేట్’తో నడిపి, డేటాబేస్ మూసేసి, అప్పుడు కాపీ చేయండి. ఆ కాపీని విడిగా తెరిచి, ఫైలు చెడిందేమో చూసే ‘ప్రాగ్మా ఇంటెగ్రిటీ_చెక్’ నడపండి. ‘ఓకే’ అని ఒక్క మాట వస్తేనే పాత బ్యాకప్‌ను తీసేయండి.