రిఫ్లెక్సాలజీ నిజంగా ఐదు వేల ఏళ్ల నాటి చైనా వైద్యమేనా? అమ్మకు చేయించొచ్చా?

రిఫ్లెక్సాలజీ అంటే అరికాలిలో ఒక్కో చోటు ఒక్కో అవయవానిదని, అక్కడ నొక్కితే ఆ అవయవానికి మేలని చెప్పే పద్ధతి. ఆ ఐదు వేల ఏళ్ల మాట నాకూ చెప్పారు. రెండేళ్ల కిందట మడమ నొప్పి పట్టుకుంటే హిమాయత్‌నగర్‌లో ఒక సెంటర్‌కి వెళ్లాను. గోడ మీద రంగురంగుల పాదాల పటం. బొటనవేలు దగ్గర తల, అరికాలి మధ్యలో పొట్ట. అక్కడామె నా కుడి అరికాలు పైభాగంలో వేలి కణుపుతో గట్టిగా నొక్కి, "నొప్పిగా ఉందా? లివర్ వీక్ సార్" అంది. అలా నొక్కితే ఎవరికైనా నొప్పే! గంట తర్వాత లేచేసరికి మాత్రం ప్రాణం హాయిగా ఉంది, కాదనను. ఆ జనవరిలోనే నుమాయిష్‌లో ఆక్యుప్రెషర్ చెప్పులు కొన్నాను. ఆ డబ్బా మీది పటంలో లివర్ ఇంకో చోట ఉంది. అప్పుడు అనుమానం వచ్చి చదవడం మొదలుపెట్టాను.

ఆ పటం వయసు వందేళ్ల పైచిలుకు, అంతే. పుట్టింది అమెరికాలో. విలియం ఫిట్జ్‌గెరాల్డ్ అని కనెక్టికట్‌లో చెవి, ముక్కు, గొంతు డాక్టర్. ఒంట్లో కొన్ని చోట్ల నొక్కి ఉంచితే వేరే చోట నొప్పి తెలియడం లేదని ఆయన గమనించారు. శరీరాన్ని తల నుంచి కాళ్ల దాకా నిలువునా పది భాగాలు చేసి, దానికి జోన్ థెరపీ అని పేరు పెట్టారు. 1917లో ఎడ్విన్ బోవర్స్‌తో కలిసి పుస్తకం కూడా వేశారు. ఆయన పనిముట్లు వింటే నవ్వొస్తుంది: రబ్బరు బ్యాండ్లు, దువ్వెనలు, బట్టలు ఆరేసుకునే క్లిప్పులు. వాటిని వేళ్లకు బిగించి ఉంచేవారు. అప్పటికి పాదాలకు ప్రత్యేకమైన పీట ఏమీ లేదు.

పాదాల మీదకు తెచ్చింది యూనిస్ ఇంగమ్. ఫ్లోరిడాలో జో షెల్బీ రైలీ అనే డాక్టర్ దగ్గర పనిచేసిన ఫిజియోథెరపిస్ట్. 1930లలో ఎందరి పాదాలో నొక్కి చూస్తూ ఏ అవయవం ఎక్కడో గీసుకుంటూ పోయింది, 1938లో పుస్తకం రాసింది. మనం గోడల మీద చూసే పటాలకు మూలం ఆవిడ పనే.

మరి చైనా? అక్కడి సూదుల వైద్యం ఆక్యుపంక్చర్‌లో, ఒంట్లో శక్తి ప్రవహిస్తుందని చెప్పే ప్రధాన మార్గాల మీద, అరికాల్లో ఉన్న బిందువు ఒక్కటే, యోంగ్‌చువాన్. తైవాన్‌లో రిఫ్లెక్సాలజీని జనంలోకి తెచ్చింది కూడా జోసెఫ్ యూగ్‌స్టర్ అనే స్విట్జర్లాండ్ ఫాదర్. తన మోకాళ్ల నొప్పుల కోసం యూరప్ పుస్తకం చూసి నేర్చుకున్నారాయన. ఇది ఈజిప్టులో పుట్టిందనే వాళ్లూ ఉంటారు, ఆ సంగతీ అంతే. అక్కడ సఖారాలో అంఖ్‌మహోర్ అనే అధికారి సమాధి గోడ మీద కాళ్లూ చేతులూ పట్టుకుని ఏదో చేస్తున్న బొమ్మ ఉంది, వయసు నాలుగు వేల ఏళ్ల పైనే. వాళ్లు గోళ్లు తీస్తున్నారనే వాళ్లూ ఉన్నారు.

పాదాలు పట్టడం పాతదే, అందులో అనుమానం లేదు. చరక సంహితలో పాదాభ్యంగం ఉంది: నూనె రాస్తే కాళ్ల గరుకుదనం, అలసట, తిమ్మిరి పోతాయని, చూపుకి మంచిదని. మా నాయనమ్మ ఆముదం గిన్నె పట్టుకుని కూర్చునేది అందుకే. ఆవిడ చేసింది రిఫ్లెక్సాలజీ అంటే మాత్రం నేనొప్పుకోను, ఏ వేలి కింద కిడ్నీ ఉందని ఆవిడ ఎప్పుడూ వెతకలేదు.

పనిచేస్తుందా అంటే, ప్రత్యామ్నాయ వైద్యాల మీద పరిశోధన చేసిన ఎడ్జార్డ్ ఎర్న్‌స్ట్ అనే ప్రొఫెసర్ 2009లో 18 ప్రయోగాలను కలిపి చూసి, ఏ జబ్బుకైనా పనికొస్తుందని నమ్మించేంత ఆధారం లేదని తేల్చారు. టెన్షన్ తగ్గి నిద్ర పడితే అది వేరు, దానికోసం వెళ్తే నాకేం అభ్యంతరం లేదు. నా మడమ నొప్పి చివరికి ఎముకల డాక్టర్ చెప్పిన పిక్కల స్ట్రెచింగ్‌తో తగ్గింది.

మీ అమ్మగారికి షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు. మా అమ్మకు ఉంది. ఇంకో సెంటర్‌లో నొక్కేముందు వేణ్ణీళ్ల టబ్‌లో కాళ్లు పెట్టించారు. అమ్మకు అరికాళ్లలో స్పర్శ తక్కువ, వేడి తెలియలేదు. ఇంటికొచ్చాక చూస్తే ఎడమ మడమ పక్కన రూపాయి బిళ్లంత బొబ్బ. మానడానికి ఆరు వారాలు పట్టింది. షుగర్ ఉంటే ముందు డాక్టర్‌తో స్పర్శ చూపించండి, సెంటర్‌కి వెళ్లినా వేణ్ణీళ్లు వద్దనండి. ఇంట్లో నూనె రాసినా వేళ్ల సందుల్లో పొడి గుడ్డతో తుడిచేయండి.