‘సిన్స్ ఫోర్ ఇయర్స్’ ఎందుకు తప్పు?

‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫోర్ ఇయర్స్’ అని ఉద్యోగ దరఖాస్తులో రాస్తే స్నేహితుడు దిద్దాడనీ, తప్పెక్కడుందో అర్థం కావడం లేదనీ అడిగారు. బెంగళూరులో ఉద్యోగానికి చేరిన కొత్తలో నేనూ ఇలాగే రాసేవాణ్ణి.

చిక్కంతా మన ‘నుంచి’లో ఉంది. ‘2021 నుంచి’ అన్నా, ‘నాలుగేళ్ల నుంచి’ అన్నా తెలుగులో ఆ ఒక్క మాటే సరిపోతుంది. ఇంగ్లీషులో మాత్రం పని ఎప్పుడు మొదలైందో చెప్పడానికి ‘సిన్స్’, ఎంత కాలంగా సాగుతోందో చెప్పడానికి ‘ఫర్’ వాడాలి. కన్నడంలోని ‘ఇంద’, హిందీలోని ‘సే’ కూడా మన ‘నుంచి’లాగే రెండు పనులూ చేస్తాయి కాబట్టి, మారతహళ్లిలోని మా ఆఫీసులో ఈ తప్పు ఎవరి చెవికీ తగిలేది కాదు.

ఒకనాడు ఉదయం 9 గంటలకు సర్వర్ ఆగిపోయింది. 11 గంటలకు నేను విదేశంలోని క్లయింటుకు ‘సర్వర్ ఈజ్ డౌన్ సిన్స్ 2 అవర్స్’ అని, ‘అవర్స్’ను, గడియారపు వేళ పక్కన రాసినట్టే, ‘hrs’ అని కుదించి, మెయిల్ పంపాను. ‘సిన్స్’ తరువాత గడియారపు వేళే వస్తుందన్న అలవాటుతో వారు దాన్ని మన కాలమానంలో రాత్రి 2 గంటలుగా చదువుకొని, తొమ్మిది గంటలపాటు ఏం చేస్తున్నారని మా టీమ్ లీడ్‌ను నిలదీశారు. ఆవిడది అనంతపురం. ఆ సాయంత్రం నన్ను కూర్చోబెట్టి, ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడమన్నారు. ‘రెండు గంటలుగా’, ‘నాలుగేళ్లుగా’ అంటే వాక్యం అతుకుతుంది, కనుక అక్కడ ‘ఫర్’ రాయాలి. ‘2021గా’, ‘సోమవారంగా’, ‘చిన్నప్పటిగా’ అంటే అతకదు, కనుక అక్కడ ‘సిన్స్’ రాయాలి. ఇంత తేలికైన పరీక్ష నాకు ఏ వ్యాకరణ పుస్తకంలోనూ దొరకలేదు.

క్రియ కూడా మారాలి. ‘పనిచేస్తున్నాను’ అన్నది మనకు వర్తమానమే అయినా, వెనకటి నుంచి నేటిదాకా సాగుతున్న పనికి ఇంగ్లీషులో ‘యామ్ వర్కింగ్’ చాలదు, ‘హ్యావ్ బీన్ వర్కింగ్’ అనాలి. ‘వర్క్‌డ్ ఫర్ ఫోర్ ఇయర్స్’ అని రాశారంటే మీరు ఉద్యోగం మానేశారనుకుంటారు. దరఖాస్తు వరకు ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ సిన్స్’ అని రాసి, పక్కన చేరిన సంవత్సరం వేయడమే మేలని నా అభిప్రాయం; అదే దరఖాస్తును వచ్చే ఏడాది మళ్లీ పంపినా ఆ వాక్యాన్ని దిద్దవలసిన పని ఉండదు.