మీ ప్రశ్న – మా జవాబు: ఆట తెలియనివారు బేస్‌బాల్ స్టేడియాలకు వెళ్ళవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మే నెలలో మేమిద్దరం వాడి దగ్గరికి వెళుతున్నాం. వాడికి బేస్‌బాల్ అంటే ప్రాణం. పెద్ద లీగ్‌లోని ముప్పై జట్ల స్టేడియాలూ చూడాలని పట్టుబట్టి ఇప్పటికి పదకొండు చూశాడు. ఈసారి మమ్మల్ని కూడా వెంటబెట్టుకుని పది రోజుల్లో ఆరు నగరాలు తిప్పుతానంటున్నాడు. మావారికి అరవై ఆరేళ్ళు. క్రికెట్ తప్ప మరో ఆట చూడరు. నాకు అదీ తెలియదు. పైగా శాకాహారులం. అర్థం కాని ఆట కోసం ఇంత తిరగడం అవసరమా? వద్దంటే వాడు నొచ్చుకుంటాడేమోనని సందేహం. – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తప్పకుండా వెళ్ళండి. అయితే ఆరు నగరాలు వద్దు, మూడు చాలని మీ అబ్బాయికి చెప్పండి. పది రోజుల్లో ఆరు నగరాలంటే స్టేషన్లు, హోటళ్ళు తప్ప మరేమీ గుర్తుండవు. న్యూయార్క్, బాల్టిమోర్, బోస్టన్ – ఈ మూడూ రైలు మీద వెళ్ళి రాగలిగినవి, ఒకదానికొకటి పోలిక లేనివి.

ఆట తెలియకపోయినా ఎందుకు వెళ్ళమంటున్నానో చెబుతాను. బేస్‌బాల్ మైదానంలో లోపలి భాగం ఎక్కడైనా ఒక్కటే. పరుగెత్తేవాడు వరుసగా తాకుతూ వెళ్ళవలసిన గుర్తులను బేస్‌లంటారు. బేస్‌కూ బేస్‌కూ మధ్య 90 అడుగులు, బంతి విసిరే చోటి నుంచి బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్‌కు 60 అడుగుల 6 అంగుళాలు. ఇందులో ఒక్క అంగుళం తేడా ఉండదు. ఆ వెనక బయటి గోడ ఎంత దూరంలో, ఎంత ఎత్తున ఉండాలన్నది మాత్రం ఒక్కో స్టేడియంలో ఒక్కో రకం. ఆ నగరం ఇచ్చిన స్థలాన్ని బట్టి, పక్కన ఉన్న వీధిని బట్టి, నదిని బట్టి, పాత కట్టడాన్ని బట్టి మైదానం ఆకారం మారిపోతుంది. కాబట్టి స్టేడియం చూడడమంటే ఆ ఊరిని చూడడమే. ముప్పై స్టేడియాలూ చూడాలని మీ అబ్బాయి లాంటివారు ఏళ్ళ తరబడి తిరగడం వెనక ఉన్న ఆకర్షణ ఇదే.

బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్‌నే తీసుకోండి. 1912లో మొదలైన ఆ స్టేడియం ఇప్పుడు లీగ్‌లో వాడుకలో ఉన్నవాటిలోకెల్లా పాతది. ఎడమవైపు వెనకాలే వీధి ఉండడంతో మైదానాన్ని అటు పెంచడానికి చోటు లేకపోయింది. అందుకే దగ్గరలోనే, సుమారు 310 అడుగుల దూరంలో, 37 అడుగుల ఎత్తున ఆకుపచ్చ గోడ నిలబడి ఉంటుంది. ఇంకో చోట గోడ దాటి హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) అయ్యే బంతి అక్కడ గోడకు కొట్టుకుని వెనక్కి వస్తుంది. ఇంకో చోట చేతికి చిక్కే బంతి అక్కడ గోడ దాటిపోతుంది. ఆ గోడ అడుగున స్కోరుబోర్డు ఉంది. దానిలో అంకెలను నేటికీ మనుషులే లోపల నిలబడి చేత్తో మారుస్తారు. ఇన్నింగ్స్ ముగియగానే ఒక గడిలో పాత పలక పోయి కొత్త పలక వచ్చి కూర్చోవడం చూస్తుంటే, ఆట అర్థమైనా కాకపోయినా కళ్ళు అటే పోతాయి.

బాల్టిమోర్‌లోని కామ్‌డెన్ యార్డ్స్ 1992లో కట్టినది. కుడివైపు గోడ వెనక వెయ్యి అడుగులకు పైగా పొడవున్న పాత రైల్వే గిడ్డంగి ఉండేది. దాన్ని కూలగొట్టకుండా స్టేడియంలో భాగం చేసుకున్నారు. గిడ్డంగికీ మైదానానికీ మధ్య ఉన్న యూటా వీధి మీద నడుస్తుంటే, హోమ్ రన్ బంతులు పడిన చోటల్లా నేలలో పొదిగిన గుండ్రని లోహపు బిళ్ళలు కాలికి తగులుతాయి. వాటి మీద ఆటగాడి పేరు, తేదీ, బంతి వెళ్ళిన దూరం చెక్కి ఉంటాయి. నేను అక్కడికి వెళ్ళిన రోజున ఒక తాతగారు మనవడి చెయ్యి పట్టుకుని, వంగి ఒక్కో పేరూ వేలితో తడుముతూ చదివి వినిపిస్తున్నారు. ఆ రోజు ఆటలో ఎవరు గెలిచారో నేను మరిచిపోయాను గానీ ఆ దృశ్యం మరిచిపోలేదు. ఈ ఆటలోకెల్లా పెద్ద పేరు బేబ్ రూత్ పుట్టిన ఇల్లు అక్కడికి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది. దాన్ని మ్యూజియంగా ఉంచారు.

న్యూయార్క్‌లో రెండు జట్లున్నాయి. మీవారి కోసం నేను క్వీన్స్‌లోని సిటీ ఫీల్డ్‌ను ఎంచుకుంటాను. 2015 నవంబరులో సచిన్ టెండూల్కర్, షేన్ వార్న్ జట్లు అమెరికాలో ఆడిన మూడు క్రికెట్ మ్యాచ్‌లలో మొదటిది ఆ స్టేడియంలోనే జరిగింది. బయట తయారుచేసిన పిచ్‌లను తెచ్చి బేస్‌బాల్ మైదానాలలో అమర్చారు. మన హైదరాబాదు వి.వి.ఎస్. లక్ష్మణ్ సచిన్ జట్టులో ఉన్నారు. ఆ మాట చెబితే మీవారు కుర్చీలో కూర్చున్నాక ముందుగా పిచ్ ఎక్కడ వేసి ఉంటారా అనే చూస్తారు.

ఆయనకు ఆట గురించి ముందుగా నాలుగు మాటలు చెప్పి తీసుకువెళ్ళండి. ఇక్కడ బంతి నేలకు తగలకుండా నేరుగా బ్యాటర్ దగ్గరికి వస్తుంది. బ్యాటర్ దాన్ని తన ముందున్న రెండు గీతల మధ్యకే కొట్టాలి. గీత దాటి పక్కకో వెనక్కో పోతే అది ఫౌల్. కొట్టదగిన బంతిని వదిలేసినా, కొట్టబోయి తప్పినా అది స్ట్రైక్. మూడు స్ట్రైక్‌లకు బ్యాటర్ ఔట్, ముగ్గురు ఔటైతే అవతలివారి వంతు, అలా తొమ్మిది ఇన్నింగ్స్. సొంత ఊరి జట్టు ఎప్పుడూ రెండోసారే బ్యాటింగ్ చేస్తుంది. గ్యాలరీలోకి వచ్చిన బంతి దొరికినవారిదే, తిరిగి ఇవ్వనక్కరలేదు. ఈ ఒక్క నియమం క్రికెట్ అభిమానులను చాలా ఆశ్చర్యపరుస్తుంది. అయితే ఫౌల్ బంతి చాలా వేగంగా వస్తుంది కాబట్టి, ఆట తెలియని పెద్దవారు వల ఉన్న భాగంలో, హోమ్ ప్లేట్ వెనక వరుసల్లో కూర్చోవడం మంచిది. బంతిని నిర్ణీత సమయంలోపే విసరాలని 2023లో గడియారం పెట్టాక ఆట సగటున రెండు గంటల నలభై నిమిషాలకు తగ్గింది. మన టీ20 మ్యాచ్ కంటే అది ఎక్కువేమీ కాదు.

టికెట్ల విషయంలో మీ అబ్బాయి జాగ్రత్తపడవలసినవి కొన్ని ఉన్నాయి. జట్లు కొన్నాళ్ళు సొంత ఊళ్ళో, కొన్నాళ్ళు పరాయి ఊళ్ళలో ఆడతాయి కాబట్టి రైలు టికెట్ కంటే ముందు ఆటల పట్టిక చూడాలి. ఒకే ప్రత్యర్థితో వరుసగా మూడు, నాలుగు ఆటలు ఉంటాయి. వాటిలో మొదటిదానికి టికెట్ కొని, ఆ ఊళ్ళో మరో రోజు ఖాళీగా ఉంచుకోండి. వాన వల్ల ఆట ఆగిపోతే ఆ టికెట్ సాధారణంగా మళ్ళీ ఆడే రోజుకు చెల్లుతుంది గానీ, ఆ రోజుకు మీరు ఎడిసన్ వచ్చేసి ఉంటే ప్రయోజనం లేదు. పాత స్టేడియాలలో కొన్ని కుర్చీల ముందు స్తంభాలుంటాయి. చౌకగా వస్తోందని ఒకసారి అలాంటి టికెట్ కొని, ఆట సాగినంతసేపూ విసిరేవాడినే చూశాను, కొట్టేవాడు కనిపించలేదు. టికెట్ పక్కన చిన్న అక్షరాలలో ఉన్న హెచ్చరికను చదవకపోవడం నా పొరపాటే. పగటి ఆట అయితే ఎండ కూడా చూసుకోవాలి. చాలా స్టేడియాలలో మూడో బేస్ వైపు వరుసలకు నీడ ముందుగా వస్తుంది.

తిండికి ఇబ్బంది లేదు. పొట్టుతో ఉన్న వేయించిన వేరుశనగకాయలు, పాప్‌కార్న్, ఫ్రెంచ్ ఫ్రైస్, ఉప్పు చల్లిన పెద్ద ప్రెట్జెల్ దాదాపు అన్నిచోట్లా దొరుకుతాయి. చాలా స్టేడియాలు ఇంటి నుంచి తెచ్చుకున్న తిండిని పారదర్శకమైన సంచిలో తీసుకురానిస్తాయి. నియమం ఒక్కో చోట ఒక్కో తీరుగా ఉంటుంది కనుక వెళ్ళే వారంలో ఆ స్టేడియం వెబ్‌సైట్ చూసుకుని పులిహోర కలపండి. వీపు మీద వేసుకునే సంచులను చాలాచోట్ల లోపలికి రానివ్వరు. గేట్లు తెరిచే వేళకే వెళ్ళండి. జనం నిండకముందు మెట్లు ఎక్కడం మీవారికి తేలిక, ఆటగాళ్ళు సాధన చేస్తుంటే దగ్గరగా చూడవచ్చు. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి నిలబడి పాట పాడతారు. మీరూ నిలబడండి. ఆ క్షణంలో పక్కనున్న మీ అబ్బాయి ముఖం చూడండి.

ప్రశ్న: నేను చికాగోలో చదువుకుంటున్నాను. బేస్‌బాల్ ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది. ఊరు దాటి వెళ్ళే స్తోమత లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక విద్యార్థి

జవాబు: మీరున్న ఊరికే దేశం నలుమూలల నుంచీ అభిమానులు వస్తారు. అక్కడి రిగ్లీ ఫీల్డ్ స్టేడియం 1914 నాటిది. దాని ఇటుక గోడ మీద 1937లో నాటిన తీగ ఏప్రిల్‌లో ఎండు కొమ్మల్లా ఉండి, వేసవికి పచ్చగా కమ్ముకుంటుంది. బంతి ఆ ఆకుల్లో చిక్కుకుంటే ఫీల్డర్ దాని కోసం వెతకకుండా రెండు చేతులూ పైకెత్తుతాడు, కొట్టినవాడికి రెండో బేస్ ఇస్తారు. 1988 ఆగస్టు వరకు అక్కడ రాత్రి దీపాలే లేవు. అందుకే ఆ స్టేడియాన్ని పగటిపూట చూడాలని నా అభిప్రాయం. వారం మధ్యలో, బడులు నడిచే ఏప్రిల్, మే నెలల్లో టికెట్లు సాధారణంగా చౌకగా దొరుకుతాయి. రెడ్ లైన్ రైలులో అడిసన్ స్టేషన్‌లో దిగితే స్టేడియం ఎదురుగానే ఉంటుంది. అదే రైలులో దక్షిణానికి వెళ్ళి సాక్స్–35వ వీధి స్టేషన్‌లో దిగితే నగరంలోని రెండో జట్టు స్టేడియం వస్తుంది. ఒకే లైను మీద రెండు స్టేడియాలు మీకున్నాయి. స్వెటర్ మాత్రం మరిచిపోకండి, సరస్సు వైపు నుంచి వచ్చే గాలి మే నెలలోనూ చలిగానే ఉంటుంది.