పిప్ మొరాయిస్తే ఏం చేయాలి?

ప్రశ్న: బెంగళూరులోని మారతహళ్లిలో ఉంటున్నాను. పైథాన్‌లో రాసిన ఒక ఓపెన్ సోర్స్ కమాండ్ లైన్ టూల్‌కు నా వంతు కోడ్ రాయాలని, దాని సోర్స్‌ను ఉబుంటు 24.04లోకి దించుకున్నాను. పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్ టూల్‌తో ఇన్‌స్టాల్ చేయబోతే ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్’ అంటూ ఆగిపోతోంది. ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’ ఆప్షన్ తగిలిస్తే సరిపోతుందని మా రూమ్మేట్ అంటున్నాడు. అలా చేయవచ్చా?

జవాబు: దయచేసి చేయకండి. ఆ ఆప్షన్ సిస్టమ్‌లోని పైథాన్‌లోకే బలవంతంగా ఇన్‌స్టాల్ చేయిస్తుంది. ఉబుంటు సొంత ప్రోగ్రాములు కొన్ని అదే పైథాన్ మీద నడుస్తాయి కాబట్టి, మీరు దించే లైబ్రరీ వెర్షన్ వాటికి సరిపడకపోతే అవి పనిచేయడం మానేసే ప్రమాదం ఉంది. ముందు ఉబుంటు సొంత ప్యాకేజీ టూల్ ఆప్ట్‌తో ‘పైథాన్3-వెన్వ్’ ప్యాకేజీ వేసుకుని, ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (సిస్టమ్ పైథాన్‌ను తాకకుండా లైబ్రరీలు విడిగా ఉండే చోటు) తయారుచేసి, యాక్టివేట్ చేయండి; ప్రాంప్ట్‌కు ముందు బ్రాకెట్లలో దాని పేరు కనిపిస్తే మీరు లోపల ఉన్నట్టు. టెర్మినల్ కొత్తగా తెరిచిన ప్రతిసారీ మళ్లీ యాక్టివేట్ చేయాలి. కొత్తవారు తడబడేది ఇక్కడే. ఆ తర్వాత ‘పిప్ ఇన్‌స్టాల్’ పక్కన ‘-ఇ’ (-e), ఒక ఖాళీ, ఒక చుక్క పెట్టి నడపండి. ఆ చుక్కకు ‘ఈ ఫోల్డరే’ అని అర్థం, మరచిపోవద్దు. ఇలా చేస్తే పైథాన్ ఫైల్లో మీరు మార్చిన వాక్యం, మళ్లీ ఇన్‌స్టాల్ చేయకుండానే, కమాండ్‌ను తర్వాతిసారి నడిపినప్పుడు అమలవుతుంది. ఒక్క అక్షరం మార్చకముందే టెస్టులన్నీ ఒకసారి నడిపి, అప్పటికే ఫెయిలవుతున్నవి ఏవో రాసి పెట్టుకోండి.