వింబుల్డన్ వరుసలో నిలబడితే టికెట్ దొరుకుతుందా?

ప్రశ్న: వచ్చే జులైలో లండన్‌లోని మా అమ్మాయి ఇంటికి వెళ్తున్నాము. వింబుల్డన్ లాటరీలో టికెట్ రాలేదు. అప్పటికప్పుడు వెళ్లి చూసే వీలుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: నిక్షేపంగా ఉంది. పెద్ద టెన్నిస్ పోటీలలో ఆ రోజు టికెట్లను వరుసలో నిలబడినవారికి ఇంత ఉదారంగా అమ్మే ఆనవాయితీ వింబుల్డన్‌కే చెల్లింది. సౌత్‌ఫీల్డ్స్ స్టేషన్‌లో దిగి, నడిచి వెళ్లదగిన దూరంలోని వింబుల్డన్ పార్కుకు చేరుకుంటే, తేదీ, వరుస సంఖ్య ముద్రించిన కార్డు చేతికిస్తారు; దానిని పోగొట్టుకోకండి, మరొకరికి ఇవ్వడమూ కుదరదు. ప్రధాన మైదానమైన సెంటర్ కోర్టుకు పోటీల చివరి 4 రోజులు తప్ప రోజుకు సుమారు 500 టికెట్లు ఇలాగే అమ్ముతారు కనుక, వాటిని ఆశించేవారు ముందురోజే వచ్చి ఇద్దరు పట్టే చిన్న గుడారాలలో నిద్రిస్తారు. మీ వయసుకు ఆ అవస్థ అనవసరమని నా అభిప్రాయం. తెల్లవారుజామున వెళ్లి గ్రౌండ్ పాస్ (పెద్ద కోర్టులు కాక మిగిలిన కోర్టుల్లో ఆటలు చూసేందుకిచ్చే ప్రవేశ టికెట్) తీసుకుంటే, చిన్న కోర్టుల్లో ఆటగాళ్ల బూట్ల చప్పుడు వినిపించేంత దగ్గర కూర్చోవచ్చు. అందుకు పోటీల మొదటి వారమే మేలు. ఇంటి భోజనం అనుమతిస్తారు, పులిహోర నిశ్చింతగా తీసుకువెళ్లండి. గొడుగు మరవకండి. వీసాకు మాత్రం ప్రయాణానికి 3 నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు, ఆలస్యం చేయవద్దు.